మోరసునాటి తెలుగింటి గాదె: స్వల్పాదాయ గృహములలో ధాన్యసంచయ చరిత్ర

తెలుగువారి వలసల చరిత్ర వ్రాయువారు శాసనములను, కైఫీయతులను, దండయాత్రల వృత్తాంతములను ప్రధానాధారములుగా గ్రహించుట పరిపాటి. ఏ నాయకుడు ఏ సీమనుండి యెప్పుడు వచ్చెనో వానివలన తెలియును. కాని వచ్చిన కుటుంబము తొలిపంట చేతికందు వఱకు ఎట్లు బ్రతికెను, పండిన గింజను మఱుసటి పంట వఱకు ఎట్లు నిలుపుకొనెను అను ప్రశ్నలకు శాసనములయందు సమాధానము లేదు. ఆ సమాధానము ఇంటి గాదెలోను, గాదె చుట్టును అల్లుకొనిన మాటలలోను ఉన్నది. నేటి తమిళనాటి హోసూరు ప్రాంతమును, కర్ణాటకములోని కోలారు ప్రాంతమును కలిపి చూచి, అచ్చటి స్వల్పాదాయ తెలుగు గృహములు తిండిగింజలను సమకూర్చుకొని దాచుకొనిన విధానమును, అది మాఱిన క్రమమును వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

హోసూరు, కోలారు, ముళబాగిలు, కుప్పము, పలమనేరు మున్నగు ఊళ్లున్న భూభాగమునకు మోరసునాడని పూర్వవ్యవహారము. హోసూరు, కోలారు పట్టణములు సముద్రమట్టమునకు సుమారు 2700 మొదలు 2900 అడుగుల యెత్తున నున్నవి. దక్షిణ పినాకిని, పాలారు ఈ ప్రాంతమున ఇంకను సన్నని యేరులే. చెఱువు క్రింది మడులు కొన్ని తప్ప తక్కినదంతయు వానను నమ్ముకొనిన ఎఱ్ఱనేల. 1792లో బారామహలు టిప్పు సుల్తాను చేతినుండి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చెను; హోసూరు ప్రాంతము 1799లో శ్రీరంగపట్టణ పతనానంతరము చేరినది. 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు కుప్పము, పలమనేరు ఆంధ్రప్రదేశమునను, కోలారు మైసూరు రాష్ట్రమునను, హోసూరు మద్రాసు రాష్ట్రమునను ఉండెను. ఇంటి భాష యొకటి, పొలములో పండు పంట యొకటి. ప్రభుత్వములు మాత్రము మూడు.

ఈ నేల ప్రధానాహారము రాగి. 1800, 1801 సంవత్సరములలో మైసూరు దేశమున సంచరించిన ఫ్రాన్సిస్ బుకానన్ రాగి సేద్యమును విపులముగా వర్ణించెను. ఆషాఢ శ్రావణములలో విత్తిన రాగి కార్తిక మార్గశిరములలో కోతకు వచ్చును. అయితే రాగిచేనిలో రాగి యొక్కటే యుండెడిది కాదు. కొన్ని సాళ్లకొకటి చొప్పున అనుములు, కందులు, ఆముదము, జొన్న, ఆవాలు కలిపి విత్తుచుండిరి. దీనిని కన్నడమున 'అక్కడి' సాలందురు. చేనికి పురుగు తగిలినను, వాన ముందుగా నిలిచినను, ఏదో యొక పైరు దక్కునని రైతు ధీమా. ఇంటియిల్లాలి దృష్టిలో ఆ చేనికి మఱియొక ప్రయోజనము కలదు. సంగటికి రాగి, పులుసునకు అనుములు, పప్పునకు కందులు, తిరుగబోతకు ఆవాలు, దీపమునకు ఆముదము, పశువునకు రాగిగడ్డి, అన్నియు ఒక్క చేనినుండియే వచ్చుచుండెను. అంగడికి పోయి కొనవలసినవి ఉప్పు, బట్ట, ఇనుము వంటి కొద్ది వస్తువులే. చేతిలో నాణెము అరుదుగా నుండు ఇంటికి ఇది గొప్ప ఆసరా.

చేను ఇచ్చినది ఇంటికి చేరిన తరువాత పంపకము మొదలగును. మొదట విత్తనము వేఱు చేయబడును. ఎంత ఆకలి యైనను విత్తనపు కుండ మూత తీయరాదను నియమము ఉండెను. పిదప కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, మంగలికి ఏటేట ముట్టవలసిన మేర కొలువబడును. తరువాత సంవత్సరపు గ్రాసము. ఈ గ్రాసమునందును ఒక వరుస కలదు. సామలు, కొఱ్ఱలు త్వరగా పండి ముందు ఇల్లు చేరును. అవే ముందు చెల్లును. అనుములు పచ్చికాయగా కొంత, ఎండుగింజగా కొంత వాడుకొనబడును. ఉలవలు పుష్యమున వచ్చును. అన్నిటికంటె ఎక్కువకాలము నిలుచు రాగిని వెనుకటికి అట్టిపెట్టుకొందురు. త్వరగా చెడునది ముందు, నిలుచునది వెనుక అను ఈ సూత్రము ఏ గ్రంథమునను చదివి నేర్చినది కాదు. అత్త కోడలికి చెప్పగా నిలిచినది.

రాగి నిలువ యుండుటకు కారణము దాని గింజలోనే యున్నది. గింజ మిక్కిలి చిన్నది, పైపొర గట్టిది. బాగుగా ఎండిన రాగిని పురుగు అంతగా ముట్టదు. అందువలన పాతరలో ఏండ్ల తరబడి దాచుటకు అనువైన ధాన్యముగా దీనికి పేరు వచ్చినది. పాతరను నీరు నిలువని గట్టినేలయందు త్రవ్వుదురు. మూతి ఇఱుకు, కడుపు విశాలము. గోడలకు మన్ను, పేడ కలిపి మెత్తి, ఎండిన తరువాత అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, గింజ పోసి, మూతిపై బండ వేసి మట్టి కప్పుదురు. లోపలి గింజ, దానిలోని పురుగు, రెండును ఊపిరి పీల్చుటచే ప్రాణవాయువు తగ్గిపోవును, పురుగు చచ్చును. అదే కారణమున పాతర తెఱచిన వెంటనే లోపల దిగువాని ప్రాణమునకు ముప్పు. మూత తీసి గాలి ఆడనిచ్చి, త్రాటికి కట్టిన దీపమును లోనికి దింపి, అది ఆఱిపోకుండ వెలుగుచున్నచో అప్పుడు మాత్రమే దిగవలెను. గోడనంటిన గింజ కొంత చెమ్మ పట్టి వాసన కొట్టును. దానిని వేఱుచేసి పశువులకు పెట్టుదురు.

పాతర పెద్దకాపుల సొత్తు. మధ్యతరగతి రైతునకు గాదె, అంతకు తక్కువవానికి కుండల దొంతి ఉండెను. కుదురుపై పెద్ద బాన, దానిపై చిన్నది, ఆపై ఇంకను చిన్నది. అడుగున ధాన్యము, నడుమ పప్పులు, పైన పోపు దినుసులు. గోడమూలనున్న ఆ దొంతియే బీదయింటి గాదె. గాదె క్రింది పందికొక్కు అను నానుడి తెలుగువారందఱు ఎఱిగినదే. ఆ నానుడిలోని పందికొక్కు మోరసునాట నిజముగనే రైతునకు పగవాడు. కావుననే గాదె అడుగును నేలకు తాకనీయక ఱాళ్లపై నిలుపుచుండిరి.

ఇదే విద్య దక్షిణమున మఱియొక తెలుగు సమాజమునందును కనబడును. విజయనగర, మధుర నాయకరాజుల కాలమున వలసపోయిన తెలుగువారు కోవిలుపట్టి, సాత్తూరు, విళాత్తికుళము ప్రాంతముల నల్లరేగడిలో స్థిరపడిరి. అచ్చట రాగికి మాఱు సజ్జ, జొన్న ముఖ్యములు. నల్లరేగడి నీటిని పట్టియుంచును గనుక పాతరకంటె మట్టిగాదె మేలు. మట్టివరలు ఒకదానిపై నొకటి పేర్చి కట్టిన ఆ గాదెను తమిళమున 'కులుమై' అందురు. పై నుండి క్రొత్తగింజ పోయుదురు. అడుగున బిరడా పెట్టిన కన్నమునుండి పాతగింజ తీయుదురు. ముందు వచ్చినది ముందు చెల్లుటకు ఇంతకంటె సులువైన ఉపాయము లేదు. కోవిలుపట్టి చెంత ఇడైసెవలులో తెలుగు కుటుంబమున పుట్టి తమిళమున రచనలు చేసిన కి. రాజనారాయణన్ (1923–2021) ఆ రేగడిసీమ మాటలతో ఒక నిఘంటువు కూర్చెను. తెలుగువారి వలసబ్రతుకును చిత్రించిన ఆయన 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. మోరసునాటి గాదె మాటలకు అట్టి నిఘంటుకర్త ఇంకను కావలసి యున్నాడు.

తిరిగి మోరసునాటి యింటికి వత్తము. ధాన్యముకంటె పప్పులను కాపాడుట కష్టము. కందులను ఎఱ్ఱమన్ను కలిపిన నీట తడిపి ఎండవేసిన పిదప పప్పు పట్టుదురు. అనుములకు, ఉలవలకు బూడిద కలుపుదురు. వేపాకు ఎండబెట్టి వేయుదురు. పప్పునకు ఆముదపు చేయి రాయుదురు. మాఘ ఫాల్గునములలో చింతపండు చవుక. ఏడాదికి సరిపడ తెచ్చి, గింజలు తీసి, ఉప్పువేసి కుండలో అదిమి పెట్టుదురు. ఎండకాలమున మిరపకాయలు ఎండును. వంకాయ, గోరుచిక్కుడు సమృద్ధిగా దొరకు దినములలో ముక్కలుగా తఱిగి ఎండబెట్టిన వరుగులు, కూర దొరకని ఆషాఢమున పులుసులోనికి వచ్చును. వీనికి వెచ్చమగునది ఎండయు శ్రమయు మాత్రమే. చవుకగా నున్నప్పుడు కొని, ప్రియమైనప్పుడు కొనకుండుట ఈ గృహముల ఆర్థికశాస్త్రము.

అయితే చవుకగా నున్నప్పుడు కొనుటకు చేతిలో ఏదో కొంత యుండవలెను. ఇచ్చటనే బీదవాని చిక్కు. భూమి లేని కుటుంబము కోతకూలిని గింజలుగా తెచ్చుకొనును; కోసిన చేలలో స్త్రీలు, పిల్లలు పరిగె ఏఱుకొందురు. ఈ రెండును ఫాల్గునము దాటవు. ఆషాఢము వచ్చుసరికి దొంతి ఖాళీ. అప్పుడు కలవారింట గింజలు అప్పు తేవలయును. దీనికి తెలుగున 'నాగు' అని పేరు. పంట వచ్చినప్పుడు సగము వడ్డి కలిపి గింజలుగానే తీర్చుట వాడుక. ఉదాహరణకు ఏటికి 4 తూములు కొఱతపడు ఇంటిని తీసికొందము. తొలియేడు 4 తూములు నాగునకు తెచ్చి, పంటనాటికి 6 తూములు తీర్చును. రెండవయేట కొఱత 4 కాదు, ఆ తీర్చిన 6 కూడ కలిసి 10. దానికి 15 తీర్చగా మూడవయేట కొఱత 19. పంట తగ్గలేదు, తిండి పెరుగలేదు. అప్పు మాత్రము ఇంటిని మ్రింగినది.

ఈ లెక్కకు ప్రతిగా ఇల్లాండ్రు వేసికొనిన లెక్క యొకటి కలదు. తూమునకు 4 కుంచములు, కుంచమునకు 4 మానికలు, మానికకు 4 సోలలు, సోలకు 4 గిద్దలు. కావున 4 తూములనగా 1024 గిద్దలు. రోజుకు 3 గిద్దలు మిగిల్చినచో ఏడాదికి 1095 గిద్దలగును. ఆ యింటి కొఱత తీరి పైన కొంత మిగులును. పొయ్యి మీద ఎసరు పెట్టిన పిదప, కొలిచిన గింజనుండి ఒక పిడికెడు తీసి వేఱు కుండలో వేయు ఆచారము దక్షిణదేశమున విరివిగా నున్నది. దానిని కొందఱు దేవునికి ముడుపనిరి, కొందఱు బిచ్చమునకనిరి. కాని ఆ పిడికిలి ఇంటిని నాగునుండి కాపాడిన సందర్భములే ఎక్కువ యని పై లెక్కయే చెప్పును. కుండలో కూడు కుండలోనే యుండవలెను, బిడ్డలు బొద్దుగా నుండవలెనను సామెత వినుటకు ఎగతాళివలె తోచును. సంగటిలో నూక పాలు పెంచి, అంబలిని పులియబెట్టి, ఆకుకూర ఏఱి తెచ్చి, ఆ రెండు కోర్కెలను కొంత వఱకైనను కలిపిన స్త్రీలకు అది ఎగతాళి కాదు.

ఈ ఏర్పాటు అన్ని విపత్తులకు నిలిచినదనుట పొరపాటు. 1876–78 నాటి మహాక్షామము దానిని విఱిచినది. వరుసగా వానలు తప్పగా విత్తనపు కుండలు సైతము ఖాళీ యయ్యెను. మైసూరు సంస్థానమున 1871లో 50 లక్షలు దాటియున్న జనాభా 1881 నాటికి దాదాపు 42 లక్షలకు దిగెను. సేలము జిల్లా జనాభా కూడ ఆ పదేండ్లలో తగ్గినది. 1877లో రిచర్డు టెంపుల్ కరవుపనులలోని పురుషునికి దినమునకు 1 పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, ఒక అణాయును కూలిగా నిర్ణయించెను. ఆ తిండి పనిచేయువానికి చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించెను. పాతర గల కాపు కొంతకాలము నిలిచెను. దొంతి మాత్రమే గల కూలివాడు తొలియేడే రోడ్డు పట్టెను. నిలువ విద్య అందఱకు తెలిసినను, నిలువ చేయుటకు వలయు గింజ అందఱకు లేకుండుటయే దీనికి కారణము.

ఆ లోటును తీర్చు బాధ్యత ప్రభుత్వముపై పడుటకు ఇంకను అరువది యేండ్లకు పైగా పట్టినది. 1942లో బర్మా జపానువారి వశమై అచ్చటి బియ్యము ఆగిపోయెను. 1943 మొదలు బొంబాయి, మద్రాసు వంటి నగరములలో రేషను అమలులోనికి వచ్చెను. రైతులనుండి మిగులు ధాన్యము సేకరింపబడెను. అనుమతి లేక ధాన్యమును ఒకచోటినుండి మఱియొకచోటికి తరలించుట నేరమయ్యెను. మద్రాసు రాష్ట్రమున 1952లో రాజగోపాలాచారి ప్రభుత్వము ఆహారనియంత్రణలను ఎత్తివేసెను. 1965 జనవరి 14న భారత ఆహార సంస్థ ఏర్పడి తంజావూరున తొలి జిల్లా కార్యాలయమును తెఱచెను. తమిళనాట 2011 జూను 1 నుండి బియ్యము ఉచితముగా నిచ్చుచున్నారు. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము అర్హులైన మనిషికి నెలకు 5 కిలోల ధాన్యమును హక్కుగా చేసినది. 2023 జనవరి నుండి కేంద్రము దానిని వెల లేకుండ ఇచ్చుచున్నది. ఆషాఢపు ఆకలికిని, నాగునకును ఇది గట్టి అడ్డుకట్ట. దీని మేలును తక్కువ చేయరాదు.

అయినను రేషను వలన ఇంటిలో రెండు మార్పులు వచ్చినవి. మొదటిది, రాగి స్థానమును బియ్యము ఆక్రమించెను. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా సున్నము ఉండును. ఆ పుష్టి బీదయింటికి చవుకగా దొరకినది ఒక్క రాగివలననే. 2023లో తమిళనాడు ప్రభుత్వము ధర్మపురి, నీలగిరి జిల్లాలలో కార్డునకు 2 కిలోల రాగుల నిచ్చుట ప్రారంభించినది. పూర్వము కృష్ణగిరి, హోసూరులు ధర్మపురి జిల్లాలోనివే, 2004లో వేఱుపడినవి. రెండవది, సంవత్సరపు లెక్క నెల లెక్కగా మాఱెను. నెలకొకసారి వచ్చు సంచికి గాదె అక్కఱలేదు, పాతర అక్కఱలేదు. ఒక డబ్బా చాలును.

కూలి గింజలనుండి నగదునకు మాఱుట ఈ మార్పును త్వరపఱచినది. ఈ విషయమున మోరసునాటికంటె ముందుగా ఆ దారిని నడచినవారు మహారాష్ట్రములోని షోలాపురపు తెలుగువారు. 1877లో అచ్చట తొలి నూలుమిల్లు వెలసినది. తెలంగాణమునుండి పోయిన పద్మశాలీలు మగ్గముల మీదను, మిల్లులలోను పనిచేసిరి. స్త్రీలు బీడీలు చుట్టిరి. కూలి నగదు, కొలువు అద్దెయిల్లు. గాదెకు తావు లేదు, చేను లేదు. జొన్నరొట్టె మాత్రము వారితో వచ్చినది. నగదుకూలివాడు కొద్దికొద్దిగా కొనును; కొద్దిగా కొనువానికి ధర ఎక్కువ పడును; చేతిలో లేనప్పుడు అరువు తెచ్చును. నాగు పోయి అంగడి ఖాతా వచ్చెను. హోసూరు చుట్టు 1970ల తరువాత పెద్ద ఫ్యాక్టరీలు వెలసినప్పటినుండి చేను విడిచి షిఫ్టుపనికి పోవు కుటుంబములకు ఇదే అనుభవము కలిగినది.

నేడు నిలువ చేయు కోరిక మఱియొక రూపమున తిరిగి వచ్చుచున్నది. భారతదేశమున 1958లో గోద్రెజ్ సంస్థ ఫ్రిజ్‌ల తయారీని ప్రారంభించెను. చాలకాలము అది కలవారి వస్తువు. ఇప్పుడు వాయిదాల మీద కొని స్వల్పాదాయ గృహములు కూడ వాడుచున్నవి. మోరసునాట దాని వినియోగమునకు మంచి నిదర్శనము పితుకుపప్పు. మార్గశిర పుష్యములలో అనపకాయలు రాసులుగా సంతకు వచ్చును. గింజలను నానబెట్టి, వ్రేళ్లతో పితికి, పొట్టు తీసిన పప్పు ఆ ఋతువు విందు. పూర్వము మిగిలినదానిని ఎండబెట్టుచుండిరి. ఇప్పుడు తడి ఆర్చి, ఒకపూటకు సరిపడు చిన్న సంచులలో కట్టి, ఫ్రీజరులో పెట్టి వేసవి వఱకు వాడుచున్నారు. పాతరకు చెమ్మ పగ. ఫ్రీజరునకు కరెంటుకోత పగ. తక్కిన నియమములు మాఱలేదు. చవుకనాడు కొనవలెను, కొలిచి కట్టవలెను, పాతది ముందు తీయవలెను. రాగిని మాత్రము నేటికిని గింజగానే దాచి, పదిపదునైదు దినములకు సరిపడ పిండి పట్టించుట మేలు. పిండి గింజవలె నిలువదు.

వస్తువు మాఱినప్పుడు మాట కూడ మాఱును. మోరసునాటి తెలుగువారి కొలతలు చిరకాలముగా కలగూరగాయ. అంగడిలో తమిళుల పడి, కన్నడిగుల కొళగము వినబడుచుండెను. 20 తూములు పుట్టి యైనట్లే 20 కొళగములు ఖండుగ. పేర్లు వేఱైనను లెక్క యొక్కటియే. 1962 ఏప్రిలు నుండి కిలోగ్రాము తప్పనిసరి యైన తరువాత ఆ పేర్లన్నియు వెనుకబడినవి. వంటింటిలో మాత్రము ఉట్టి, దొంతి, కుదురు, చేట, విసుఱుఱాయి, వరుగు, పరిగె అను మాటలు చాలకాలము నిలిచినవి. వీథిలో తమిళము, కచ్చేరిలో ఇంగ్లీషు, సంతలో కన్నడము మాటలాడిన ఇల్లాలు గాదె దగ్గఱ తెలుగు మాటలాడెను. ఉట్టి లేని యింట 'ఉట్టి' అను మాటకు పని లేదు. డబ్బాపై అచ్చువేసిన పేరు ఏ భాషలో నుండునో పిల్లవానికి ఆ మాటయే వచ్చును.

తమిళనాట 2006 నాటి తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతినుండి తమిళమును తప్పనిసరి చేసినది. అల్పసంఖ్యాకభాషల పాఠశాలలలో తెలుగునకు మిగిలిన గంటలు కొన్నియే. ఆ కొద్ది గంటలలో బోధింపబడు తెలుగు, పిల్లవాని యింటి తెలుగుతో ముడిపడనిచో, పుస్తకములోని మాట పుస్తకముననే యుండిపోవును. ముడివేయుటకు గాదెకంటె దగ్గఱి వస్తువు లేదు. గిద్దనుండి పుట్టి వఱకు లెక్క కట్టుట, పాతరలో దీపము ఎందులకు దింపుదురో చెప్పుట, 4 తూముల నాగు మూడవయేటికి 19 ఎట్లగునో వేసి చూపుట, ఇవి భాషాపాఠములు, శాస్త్రపాఠములు, గణితపాఠములు కూడను. రేషను రాకపూర్వము గాదె నడపిన తరమువారు నేడు ఎనుబది దాటినవారు. సరిహద్దునకు మూడు వైపులను ఉన్న తెలుగు సంఘములును పాఠశాలలును పూనుకొని, వారినుండి ఈ మాటలను, వాని వాడుకను, ఆ యా ఊళ్ల కొలతలను వ్రాసికొనవలసిన సమయమిది. విత్తనపు కుండను ఆకటి యేటను కాపాడిన యిండ్ల బిడ్డలకు ఈ పని క్రొత్తది కాదు.